లేవని చెయ్యి

"జొరాయిదా! ఇంకెంతసేపు? లోపల నిద్రపోయావా ఏంటి?"

ఎవేలియో మళ్ళీ తలుపు బాదాడు. గడ్డానికి సబ్బు నురగ, భుజాన తువ్వాలు. బస్సు డిపో పనివాళ్ళను ఎక్కించుకునే బండి వీధి మొగకు వచ్చే వేళయింది. ఇంటికంతటికీ ఉన్నది ఒక్కటే స్నానాలగది.



జవాబిచ్చే స్థితిలో జొరాయిదా లేదు. రాత్రి వేసుకున్న గౌను తల మీదుగా తీయబోయింది. కుడిచెయ్యి వచ్చింది. ఎడమచెయ్యి రాలేదు. అది డొక్కను అంటుకుని ఉండిపోయింది. గౌను ముఖం మీద ముసుగులా బిగుసుకుంది. ముందుకు లాగితే భుజంలో కత్తి దిగినట్టుంది, వెనక్కి లాగితే ఊపిరి ఆగుతోంది. తడి గోడకు ఆనుకుని, గుడ్డలోంచే గాలి పీల్చుకుంటూ నిలబడింది.

"ఇప్పుడు తియ్యకపోతే విరగ్గొడతాను!"

"విరగ్గొట్టు. నీకు చేతనయింది అదొక్కటేగా!"

గుడ్డ అడ్డం ఉన్నా మాట బయటికి బాగానే వినిపించింది. ఎవేలియో ఒక్క క్షణం ఆగాడు. పోయిన వారం సంగతి ఇద్దరికీ గుర్తొచ్చింది. "తుప్పు పట్టిన బోల్టు కూడా ఇలాగే కదులుతుంది" అంటూ, ఆమె వద్దంటున్నా వినకుండా, ఆ చేతిని పట్టి ఒక్క గుంజు గుంజాడు. ఆమె అరిచిన అరుపుకు మతాన్సాస్ ఊళ్ళో ఆ వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది. అప్పటి నుంచి తుమ్మాలన్నా ఆమెకు భయమే.

"మీరు పక్కకు జరగండి," అన్న గొంతు వినిపించింది.

ఒదాలిస్. ఎవేలియో ఇప్పటి భార్య.

"జొరాయిదా గారూ, నేనొక్కదాన్నే వస్తాను. గడియ తీయండి చాలు."

జొరాయిదా, ఒదాలిస్ ఒకరి పేరు ఒకరు పిలుచుకుని ఎన్నేళ్ళయిందో! అసలెప్పుడైనా పిలుచుకున్నారా?

చాలాసేపటికి గడియ కదిలిన చప్పుడైంది.

ఒదాలిస్ లోపలికి వెళ్ళి తలుపు మూసింది. నవ్వలేదు. అయ్యో అనలేదు.

"ఎటువైపు?"

"ఎడమ."

"నేను లాగను. భయపడకండి."

ముసుగును మెల్లగా వెనక్కి దించింది. కుడివైపు నుంచి గౌనంతా తప్పించి, చివరికి ఎడమచేతి మీదుగా కిందికి జార్చింది. చెయ్యి ఉన్నచోటే ఉంది, గౌను మాత్రం కదిలింది. ఆ వెంటనే ముఖం పక్కకు తిప్పుకుని తువ్వాలు అందించింది. అయినా అప్పటికే చూసేసింది. కుడిభుజం నిండుగా ఉంది. ఎడమభుజం మీద కండ కరిగి ఎముక తేలింది.

"వ్యాయామాలు ఎవరు చేయిస్తున్నారు మీకు?"

"నా కూతురు," అంది జొరాయిదా, తువ్వాలు చుట్టుకుంటూ.

అది నిజం కాదని ఒదాలిస్‌కు తెలుసు. ఆ ఇంట్లో ఎవరి సంగతులు ఎవరికి తెలియవు కనుక?

కోర్టు ఎవేలియో, జొరాయిదాల పెళ్ళిని విడదీయగలిగింది గానీ ఇంటిని విడదీయలేకపోయింది. ఆ ఊళ్ళో ఇల్లు దొరకడం మొగుడు దొరికినంత తేలిక కాదు. అందుకని ఎత్తైన ఆ పాత హాలుకు అడ్డంగా ప్లైవుడ్ గోడ లేచింది. అటు ఎవేలియో, తర్వాత అతను తెచ్చుకున్న ఒదాలిస్. ఇటు జొరాయిదా, ఇద్దరికీ పుట్టిన కూతురు మయెలిన్. వంటగది, స్నానాలగది ఉమ్మడి. గోడకు అటు చెంచా కింద పడితే ఇటు వాళ్ళు ఉలిక్కిపడతారు.

*

పొద్దు వాలుతుండగా మయెలిన్ వచ్చింది. వరదేరోలో ఒక హోటల్లో దుప్పట్లు ఉతికే పని ఆ పిల్లది. సంచి కుర్చీలో పడేసి, చెప్పులు కూడా విప్పకుండా నిలబడింది.

"బస్సు దగ్గర యోర్దాన్కా కనబడిందమ్మా. 'మీ అమ్మకు ఇంటి దగ్గర బాగా చేయిస్తున్నావటగా, మరి ఆసుపత్రికి రావడం మానేసిందేం?' అని అడిగింది. నేనేం చేయిస్తున్నాను?"

యోర్దాన్కా పేటలోని ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. జొరాయిదా పొయ్యి మీది నల్లచిక్కుళ్ళు కలుపుతూ ఉండిపోయింది.

"నిన్నే."

"ఏం చెప్పమంటావు? ఇంట్లో ఎవరున్నారని అడిగింది. కూతురుందన్నాను. అది అబద్ధమా?"

"నేను చేయిస్తున్నానని చెప్పడం అబద్ధం కాదూ?"

"నువ్వు చీకటితో పోయి చీకటి వేళకు వస్తావు. వచ్చాక నీ కాళ్ళు నువ్వే మోసుకోలేవు. నిన్నేం అడగను?"

"అడిగితే కదా తెలిసేది! పోనీ, ఒక్కదానివే చేసుకునేవైనా చేశావా? గోడ మీద వేళ్ళు పాకించమంది."

"పాకించాను."

"ఎంత ఎత్తు వరకు?"

జొరాయిదా పొయ్యి మంట తగ్గించింది.

"చీపురుకర్ర రెండు చేతుల్తో పట్టుకుని లేపమంది కదా?"

"కర్ర విరిగింది."

"అమ్మా!"

"ఏంటే అమ్మా? చేస్తే నొప్పి, చెయ్యకపోతే నొప్పి. పడుకుంటే నొప్పి. నొప్పి వస్తుందని తెలిసీ రోజూ దాన్ని పిలిచి పీట వేసి కూర్చోబెట్టాలి. అలిసిపోయాను మయెలిన్. ఈ చేత్తో ఎంతమందికి జుట్టు దువ్వాను! డ్రయ్యరు పట్టుకుని పొద్దంతా నిలబడేదాన్ని. ఇవాళ నా తల నేను దువ్వుకోలేను. అందరూ నన్నే తిడతారేం?"

మయెలిన్ కోపం కాస్త చల్లారింది. చెప్పులు విప్పింది.

"నాన్నని అడుగుతాను. జాగ్రత్తగా చెయ్యమని చెబుతాను."

"అడిగావంటే నా శవాన్ని చూస్తావు."

"అయితే ఎవరు చేయిస్తారు? గోడా?"

గోడే మాట్లాడింది.

"నేను చేయిస్తాను."

తల్లీకూతుళ్ళిద్దరూ కొయ్యబారిపోయారు. ప్లైవుడ్‌కు అవతల, అరచెయ్యంత దూరంలో నిలబడి ఉన్నట్టుంది ఒదాలిస్ గొంతు.

జొరాయిదా గరిటె కింద పెట్టింది. అవతలికి వినబడాలనే గట్టిగా అంది.

"ఎందుకు? నా చెయ్యి లేపితే, నన్ను ఇంట్లోంచి లేపెయ్యొచ్చనా?"



అందులో అసత్యమేమీ లేదని జొరాయిదా నమ్మకం. ఇళ్ళ మార్పిడికి మనుషులు దొరికారు. గ్రసియేలా అనే ఆవిడ కుటుంబానికి ఈ పెద్ద ఇల్లు కావాలి. బదులుగా వాళ్ళు రెండు చిన్న ఫ్లాట్లు ఇస్తారు. ఒకటి ఎవేలియోకు, ఒకటి జొరాయిదాకు. జొరాయిదాకు వచ్చేది ఊరి చివరి బిల్డింగులో పై అంతస్తు. నీళ్ళు బకెట్లతో మోసుకోవాలి. అక్కడికి జుట్టు కత్తిరించుకోవడానికి ఏ ఆడది మెట్లెక్కి వస్తుంది? "చెయ్యి బాగవనీ, చూద్దాం" అని చెబుతూ వస్తోంది. ఆ చెడిపోయిన చెయ్యి ఇన్నాళ్ళూ ముగ్గురిని కదలకుండా పట్టుకుని ఉంది.

"ఎవరితో మాట్లాడుతున్నావు?" అవతల ఎవేలియో గొంతు.

"ఎవరితోనూ లేదు," అంది ఒదాలిస్.

*

మయెలిన్ మొండితనం తండ్రిది. సెలవు పెట్టి, వద్దన్నా వినకుండా తల్లిని ఆసుపత్రికి తీసుకెళ్ళింది, నేర్చుకోవడానికి ఒదాలిస్‌నూ రమ్మంది. ఒదాలిస్ వాళ్ళకు కొంచెం వెనగ్గా, పిలవని పేరంటానికి వచ్చినదానిలా నడిచింది.

యోర్దాన్కా భారీ మనిషి, భారీ నవ్వు.

"ఈవిడెవరు? చెల్లెలా?"

"నా మొగుడి పెళ్ళాం," అంది జొరాయిదా.

"అలాగా! ఈ ఊళ్ళో సగం ఇళ్ళు ఇంతేలే. పడుకో. ఏమ్మా, నువ్విలా రా, నా పక్కన నిలబడు."

ఒదాలిస్‌కు ముందు తన చేతులతో చూపించింది. ఒక చెయ్యి మోచేతి కింద, ఒక చెయ్యి మణికట్టు దగ్గర.

"కీలు చుట్టూ సంచిలాంటి పొర ఉంటుంది. అది బిరుసెక్కి ముడుచుకుపోయింది. ఈవిడకు షుగరు కూడా ఉంది కదా, అలాంటివాళ్ళకు ఇది ఎక్కువ. ముందు వేడి గుడ్డ కాపు. తర్వాత వంగి, చేతిని వేలాడదీసి ఊపాలి. ఆ తర్వాత గోడ, కర్ర, చివరికి నువ్వు. బిగువు తగిలేదాకా మెల్లగా తీసుకెళ్ళు, అక్కడ ఆగు, ఊపిరి వదలమను, మళ్ళీ దించు. అంతే. బండ బలంతో గుంజితే వాచిపోయి ఇంకా ముడుచుకుంటుంది."

"ఒకాయన గుంజాడు," అంది మయెలిన్.

"ఎవడా గాడిద?"

ఒదాలిస్ నేల చూపులు చూసింది. పేరు చెప్పకుండానే యోర్దాన్కాకు అర్థమైంది.

"ఎన్నాళ్ళకు తగ్గుతుంది?" జొరాయిదా అడిగింది.

"నెలలు పడుతుంది. ఒక్కోసారి ఏడాది దాటుతుంది. కానీ తగ్గుతుంది. తొందరేమైనా ఉందా?"

"నాకేం లేదు," అంది జొరాయిదా, ఒదాలిస్ వైపు చూస్తూ.

*

ఎవేలియో డిపోకు వెళ్ళగానే ఒదాలిస్ వేడి నీళ్ళలో పిండిన గుడ్డ తెచ్చేది. వంటగదిలోని పొడుగాటి బల్ల మీద జొరాయిదా పడుకునేది. మొదట్లో ఆ గదిలో వినిపించినవి రెండే మాటలు.

"చాలా?"

"చాలు."

ఒదాలిస్ చేతులు వేడిగా ఉండేవి. ఆ చేతుల్లో తన చెయ్యి పెట్టి బరువు వదిలెయ్యడం జొరాయిదాకు చేతకాలేదు. "వదలండి, నేను పట్టుకున్నాను" అంటుంది ఆవిడ. తను వదిలాననుకుంటుంది. వదలదు. ఇరవై ఏళ్ళు కాపురం చేసిన మనిషిని ఎత్తుకుపోయిన దాని చేతుల్లో ఏం వదులుతుంది?

ఒకరోజు నొప్పి తట్టుకోలేక అడిగేసింది.

"మా ఎవేలియోలో ఏం చూశావే నువ్వు?"

ఒదాలిస్ చెయ్యి ఆగింది. మళ్ళీ కదిలింది.

"పాటలు బాగా పాడేవాడు. నవ్వించేవాడు. మీకు?"

"అదే," అంది జొరాయిదా. కాసేపాగి, "ఇప్పుడు పాడుతున్నాడా?"

"ఊపిరి వదలండి," అంది ఒదాలిస్.

రోజులు అలా ఈడుస్తూ నడిచాయి. కరెంటు పోయిన పగళ్ళు, నీళ్ళు వచ్చే పూటలు, పప్పు ఉడకని సాయంత్రాలు. ఎప్పుడు మొదలైందో తెలియదు గానీ, కాపు అయ్యాక ఇద్దరూ చెరొక చిన్న కప్పు కాఫీ తాగడం అలవాటైంది. మాట్లాడుకోరు. తాగి లేస్తారు. జొరాయిదా కప్పు కూడా ఒదాలిసే కడిగేస్తుంది. ఇవ్వనని జొరాయిదా అనదు.

ఒకనాటి ఉదయం, గోడ మీద పాకుతున్న వేళ్ళు ఆగవలసిన చోట ఆగలేదు. పెచ్చు ఊడిన సున్నం మచ్చను దాటి పైకి పోయాయి. ఇంట్లో ఎవరూ లేరు. జొరాయిదా ఊపిరి బిగబట్టి చేతికేసి చూసుకుంది. నొప్పి ఉంది. కానీ అది తలుపు మూసేసే నొప్పి కాదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మరుక్షణమే ఇంకో సంగతి గుర్తొచ్చింది.

చెయ్యి లేస్తే సామాను కట్టాలి.

ఆ పూట బల్ల మీద పడుకుని, ఒదాలిస్ చెయ్యి పైకి తీసుకెళుతుంటే, పాత చోటే "చాలు" అంది.

ఒదాలిస్ ఆగింది. ఇన్నాళ్ళు ఆ చేతిని మోసిన మనిషి. బిగువు ఎక్కడ తగులుతుందో ఆ వేళ్ళకు తెలియదా? అయినా "సరే" అని దించేసింది.

ఆ తర్వాత రోజూ అదే నాటకం. గోడ దగ్గర ఒక ఎత్తు, బల్ల మీద ఒక ఎత్తు.

మరో వారం గడిచాక, గుడ్డ పిండుతున్న ఒదాలిస్ చూపు జొరాయిదా తల మీద నిలిచింది. జుట్టు నున్నగా దువ్వి, రెండు చేతులూ లేస్తే తప్ప పడని ముడి నెత్తిన వేసి ఉంది.

"ముడి బాగుంది. ఎవరు వేశారు?"

"మయెలిన్."

"మయెలిన్ నిన్నటి నుంచి డ్యూటీలోనే ఉంది కదా."

బల్ల కింద పిల్లి ఒళ్ళు విరుచుకుంది. జొరాయిదా పైకప్పు వైపు చూస్తూ పడుకుంది. ఇంకేం దాచాలి? ఈవిడ వెళ్ళి మొగుడితో చెబుతుంది. సాయంత్రానికి అట్టపెట్టెలు దిగుతాయి.

ఒదాలిస్ గుడ్డ తెచ్చి భుజం మీద పరిచింది. ఎప్పటికంటే మెల్లగా.

సాయంత్రానికి అట్టపెట్టెలు దిగలేదు. మర్నాడూ దిగలేదు.

*

ఆదివారం మధ్యాహ్నం ఎవేలియో గ్రసియేలాను వెంటబెట్టుకుని వచ్చాడు. శుభ్రమైన చొక్కా, వాసన నూనె, చుట్టాలు వస్తే బయటికి తీసే నవ్వు.

గ్రసియేలా వంటగదిలో ఊగుడు కుర్చీలో కూర్చుంది. మంచి మనిషే. కానీ విసిగిపోయింది.

"చూడు జొరాయిదా, నాకు ఇద్దరు మనవలు పుట్టారు. ఒక గదిలో ఎనిమిది మందిమి ఒకరి మీద ఒకరం పడుకుంటున్నాం. మీరు కాదంటే మరొకళ్ళను చూసుకుంటాను. ఇంకెంతకాలం ఎదురుచూడను?"

"ఆ చెయ్యి ఒక్కటే అడ్డం, గ్రసియేలా గారూ," అన్నాడు ఎవేలియో, తేనె పూసిన గొంతుతో. "మా ఒదాలిసే దగ్గరుండి చూసుకుంటోంది. ఏది, నువ్వే చెప్పు. చెయ్యి ఎంతవరకు వచ్చింది?"

జొరాయిదా కళ్ళు మూసుకుంది. ఆ ఉదయమే గోడ మీద వేళ్ళు చెవిని దాటి పోయాయి. ఒదాలిస్ గుమ్మంలోంచి చూసింది కూడా.

ఒదాలిస్ కాఫీ కప్పులు తుడుస్తోంది.

"ఎక్కడ! భుజం ఎత్తుకు కూడా రావడం లేదు. ఇంకా చాలా నెలలు పడుతుందట. బరువులు ముట్టుకోవద్దంది యోర్దాన్కా. పాపం, ఇప్పుడు మెట్లెక్కే ఇంట్లో పెడితే మళ్ళీ మొదటికొస్తుంది."

ఎవేలియో నవ్వు ముఖం మీదే ఉంది గానీ దవడ బిగిసింది.

"అలా ఎలా? మొన్న నాకు నువ్వే తగ్గుతోందని..."

"మొన్న అనుకున్నాను. కాదు."

గ్రసియేలా నిట్టూర్చి లేచింది. ఎవేలియో ఆవిడ వెంటే, "నేను మాట్లాడతాను, మీరు కంగారు పడకండి" అంటూ వీధి గుమ్మం దాకా వెళ్ళాడు.

వంటగదిలో ఇద్దరు ఆడవాళ్ళు మిగిలారు.

"ఎందుకు అబద్ధం చెప్పావు?" గొంతు తగ్గించి అడిగింది జొరాయిదా.

"మీరెందుకు చెబుతున్నారు?"

"నాకంటే వెళ్ళాలని లేదు. నీకు ఇక్కడేముంది? ఉమ్మడి పొయ్యి, ఉమ్మడి పంపు, గోడకు ఇవతల నేను. అక్కడైతే నీ ఇల్లు నీది. తలుపేసుకుని హాయిగా ఉండొచ్చు."

"అదే," అంది ఒదాలిస్. "అక్కడ తలుపే ఉంటుంది. గోడ ఉండదు."

జొరాయిదాకు వెంటనే అర్థం కాలేదు.

"ఆయన గొంతు పెంచబోయి గోడ వైపు చూస్తాడు. ఇటు మీరు దగ్గుతారు, లేకపోతే కుర్చీ జరుపుతారు. ఆగిపోతాడు."

"నేను నీకోసం దగ్గలేదు."

"తెలుసు. అయినా ఆగుతాడు."

తుడిచిన కప్పునే మళ్ళీ తుడుస్తోంది ఒదాలిస్.

"కొట్టడు," అంది, ఎవరో అడిగినట్టు.

"నాకు చెబుతున్నావా?" అంది జొరాయిదా. "కొట్టడు. చేతికి దొరికింది నేలకేసి కొడతాడు. తర్వాత వారం రోజులు మాట్లాడడు. తప్పు నీదేనని నువ్వు ఒప్పుకునేదాకా."

ఒదాలిస్ తలెత్తింది. ఆ ముఖంలో ఆశ్చర్యం లేదు. ఉన్నదల్లా అలసట. తన ముఖం అద్దంలో అలా ఉండిన ఏళ్ళు జొరాయిదాకు గుర్తున్నాయి. అప్పుడు ఇంట్లో ప్లైవుడ్ గోడ లేదు. అవతలి నుంచి దగ్గేవాళ్ళూ లేరు. ఈ పిల్ల వచ్చి తన మొగుణ్ణి ఎత్తుకుపోయిందని ఊరందరికీ చెప్పుకుని ఏడ్చింది. అతను తనను విడిచిన రాత్రి, ఎన్నో ఏళ్ళ తర్వాత, కంటినిండా నిద్రపోయిన సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

వీధి తలుపు ధడాలున మూసుకుంది.

"ఒదాలిస్!"

ఒదాలిస్ కప్పు బల్ల మీద పెట్టేసింది. ఆమె జొరాయిదా కంటే ఒక తల ఎత్తు ఎక్కువ. అయినా ఆ కేకకు సగమైపోయినట్టుంది.

"ఒదాలిస్, ఆవిడ ముందు నా పరువు..."

అడుగులు హాలు దాటుతున్నాయి. జొరాయిదా ఏమీ ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే కుడిచెయ్యి చాపేది. దగ్గరగా ఉన్నది ఎడమచెయ్యి. అది లేచింది. తిన్నగా, నెమ్మదిగా, అంత ఎత్తున్న ఒదాలిస్ భుజం మీదికి వెళ్ళి అక్కడ నిలిచింది.

ఎవేలియో గుమ్మంలో ఆగిపోయాడు. అతని చూపు ఆ చేతి వెంట మణికట్టు నుంచి మోచేతికి, మోచేతి నుంచి భుజానికి పాకింది.

"లేస్తోందే!" అన్నాడు.

ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"ఎప్పటి నుంచి?"

ఆ మాట అడిగింది జొరాయిదాను కాదు.

భుజం సలుపుతోంది. జొరాయిదా చెయ్యి దించలేదు.